చీపురు చెప్పే ఎడారి కథ

జోధ్‌పూర్ వెళ్లినవాళ్లంతా మెహ్రాన్‌గఢ్ కోట చూస్తారు. అంబారీలు, పల్లకీలు, కత్తులు, రాజుల తలపాగాలు చూసి, ఫొటోలు దిగి, మర్నాడు జైసల్మేర్ దారి పడతారు. ఊరికి కాస్త దూరంలో మోక్లావాస్ అనే పల్లె పక్కన ఇంకో మ్యూజియం ఉంది. దాని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. ఎందుకంటే అక్కడ పెట్టినవి చీపుర్లు. అవును, ఇల్లూ వాకిలీ ఊడ్చే చీపుర్లే, 160కి పైగా రకాలు.

దాని పేరు అర్నా ఝర్నా, 'థార్ ఎడారి మ్యూజియం' అని కూడా అంటారు. ఒకప్పుడు ఇసుకరాయి తవ్వి వదిలేసిన క్వారీ ఉన్న చోటు అది. ఆ గోతిలో ఇప్పుడు నీళ్లు నిలుస్తాయి, చుట్టూ ఎడారి మొక్కలు పెరుగుతాయి, మధ్యలో మట్టిగోడల గుడిసెల్లాంటి గదులు. జానపద పరిశోధకుడు కోమల్ కొఠారీ ఆలోచన ఇది. 1960లో రచయిత విజయ్‌దాన్ దేథాతో కలిసి బోరుందా గ్రామంలో రూపాయన్ సంస్థాన్ పెట్టి, లంగా, మంగణియార్ గాయకుల పాటలను ఊరూరా తిరిగి రికార్డు చేసిన మనిషి ఆయన. జీవితమంతా పాటలూ కథలూ పోగేసినవాడు చివరికొచ్చేసరికి చీపుర్ల మీద పడ్డాడేమిటి అనిపిస్తుంది. థార్‌లో ఏది చూడాలి, ఎలా చూడాలి అన్న ప్రశ్నకు నాకు దొరికిన మంచి జవాబు ఈ అనుమానంలోంచే మొదలవుతుంది.

రాజస్థాన్‌ను సంస్థానాల వారీగా, జిల్లాల వారీగా విడదీసి చూడటం కొఠారీకి నచ్చేది కాదు. ఏ పంట తిని బతుకుతున్నారన్నదాన్ని బట్టి చూడాలనేవాడు. పడమట సజ్జ, దక్షిణాన మొక్కజొన్న, తూర్పున జొన్న. రొట్టె మారితే పాట మారుతుంది, దేవుడు మారతాడు, ఇంటి పైకప్పు మారుతుంది. మరి పంటను నిర్ణయించేది ఏది? వాన. ఎక్కడ ఎంత వాన పడుతుందో అక్కడ అలాంటి గడ్డి, పొద పెరుగుతాయి. చీపురు ఆ గడ్డితోనే, ఆ పొదతోనే కడతారు. బయటి నుంచి తెచ్చుకునే వస్తువు కాదది. పడమటి ఇసుక నేలలో ఖీంప్ అనే ఆకుల్లేని పొద రెమ్మలు, నీరు చేరే చోట్ల ముంజ గడ్డి, మరోచోట ఈత ఆకులు. అంటే వరసగా పెట్టిన ఆ చీపుర్లు నిజానికి ఒక వానపటం.

మ్యూజియంలో చెప్పే ఇంకో సంగతి తెలుగువాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఇంట్లో ఊడ్చే మెత్తటి చీపురు వేరు, వాకిలీ పశువుల కొట్టమూ ఊడ్చే గట్టి చీపురు వేరు. మార్వాడీలో మొదటిదాన్ని ఆడపేరుతో బుహారీ అని, రెండోదాన్ని మగపేరుతో బుహారా అని పిలుస్తారు. మనకూ కొండచీపురు ఇంట్లోకి, ఈనెల చీపురు వాకిట్లోకి. అక్కడా చీపురు లక్ష్మే, కాలు తగలకూడదు, దీపాలు పెట్టాక ఊడవకూడదు. ఇంత గౌరవమిచ్చే వస్తువును కట్టేవాళ్లకు మాత్రం ఆ గౌరవంలో వాటా దక్కలేదు. తరతరాలుగా ఆ పని చేసేవాళ్లు ఊరి అంచున ఉండే పేద కులాలవాళ్లే. రాజుగారి కత్తి పక్కన దాన్ని తయారుచేసిన కమ్మరి గురించి ఒక్క ముక్క రాయని మ్యూజియాలు చాలా ఉన్నాయి. ఇక్కడ ఆ లెక్క తిరగబడింది.

ఈ వానపటం చేతిలో పెట్టుకుని బయల్దేరితే థార్ వేరేగా కనబడుతుంది. చాలామందికి ఎడారి అంటే జైసల్మేర్ పక్కన సమ్ దిబ్బల మీద ఒక సాయంత్రం. ఒంటె సవారీ, సూర్యాస్తమయం, గుడారంలో డాన్సు, పొద్దున్నే తిరుగు ప్రయాణం. అది తప్పేం కాదు. కాకపోతే సముద్రం చూడ్డానికి వెళ్లి అలల్లో పాదాలు తడుపుకుని వచ్చినట్టు ఉంటుంది.

అసలు ఇక్కడ ఎడారి ఎందుకుంది?

థార్ వైశాల్యం సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో పెద్ద భాగం మన దేశంలో, అదీ రాజస్థాన్‌లో ఉంది. మిగతాది పాకిస్తాన్‌లో. పక్కనే అరేబియా సముద్రం, ఏటా నైరుతి రుతుపవనాలు. అయినా జైసల్మేర్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 200 మిల్లీమీటర్లకు లోపే. మన దగ్గర ఒక్క తుపాను రెండు రోజుల్లో కురిపించే వాన అది.

దీనికి స్కూల్లో చెప్పే కారణం ఆరావళి కొండలు. పడమటి కనుమలు సముద్రం నుంచి వచ్చే గాలికి అడ్డంగా నిలబడతాయి కాబట్టి ఆ తడిగాలి వాటి మీదికి ఎక్కి, చల్లబడి అక్కడే కురుస్తుంది. ఆరావళి అలా కాదు. నైరుతి నుంచి ఈశాన్యానికి, అంటే గాలి వీచే దిక్కులోనే పడుకుని ఉంది. రోడ్డు డివైడర్‌ను ఆనుకుని బండి దూసుకుపోయినట్టు గాలి దాని పక్కనుంచి వెళ్లిపోతుంది. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే శాఖ ఇక్కడికి చేరేసరికి దారిలోనే చాలా తడి ఖర్చయిపోయి ఉంటుంది.

కానీ అది సగం కథే. ఆరావళి ఒక్కటే కారణమైతే దానికి పడమటనున్న సింధ్, బలూచిస్తాన్ ఎందుకు ఎండిపోయాయో చెప్పలేం. ఆ ప్రాంతమంతటా పై ఎత్తుల్లోని గాలి కిందికి దిగుతూ ఉంటుంది. దిగే గాలి వేడెక్కుతుంది, పైకి లేవాలనుకునే తడిగాలి మీద మూతలా కూర్చుంటుంది. తేమ ఉన్నా అది మేఘంగా ఎదగలేదు. జూలైలో జైసల్మేర్ ఆకాశం మబ్బుగా కనబడి కూడా కురవకపోవడానికి ఇదే పెద్ద కారణం. 2016 మే 19న జోధ్‌పూర్, జైసల్మేర్ మధ్యనున్న ఫలోదీలో 51 డిగ్రీలు నమోదయ్యాయి. దేశంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత అదే.

ఇంత ఎండలోనూ ఇక్కడ చదరపు కిలోమీటరుకు 80 మందికి పైగా బతుకుతున్నారు. ప్రపంచంలో ఇంత జనసాంద్రత ఉన్న ఎడారి మరొకటి లేదంటారు. కాబట్టి థార్‌లో చూడాల్సింది ఖాళీతనం కాదు, అంత తక్కువ నీటితో అంతమంది ఎలా నెట్టుకొచ్చారన్నది.

సరే, దిబ్బల దగ్గరికే వద్దాం. సమ్ దిబ్బలు జైసల్మేర్‌కు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. అక్కడ నిలబడ్డప్పుడు ఒక పని చేయండి. దిబ్బకు ఒక వైపు ఏటవాలు తక్కువగా, రెండో వైపు జారుడుబల్లలా ఉంటుంది. గాలి తక్కువ వాలు వైపు నుంచి ఇసుక రేణువులను ఎగదోస్తుంది. శిఖరం దాటగానే అవి అవతలికి జారిపోతాయి. పొడి ఇసుక సుమారు 34 డిగ్రీల వాలు వరకే నిలబడుతుంది, ఆపైన జారాల్సిందే. అందుకే ప్రపంచంలో ఏ ఎడారిలోనైనా దిబ్బ వెనకవైపు దాదాపు ఒకే వాలు కనిపిస్తుంది. ఇలా ముందువైపు ఇసుక వెనకకు చేరుతూ దిబ్బ మొత్తం నెమ్మదిగా నడుస్తుంది.

దిబ్బ కొమ్ములు ఎటు తిరిగి ఉన్నాయో కూడా గమనించండి. చెట్టూ చేమా లేని చోట నెలవంక ఆకారంలో దిబ్బ ఏర్పడి, దాని కొమ్ములు గాలి పోయే దిక్కుకు సాగుతాయి. అంచుల్లో ఇసుక తక్కువ కాబట్టి అవి మధ్యభాగం కన్నా వేగంగా ముందుకెళతాయి. కాస్త గడ్డీ పొదా ఉన్న చోట ఇది తలకిందులవుతుంది. అంచులను వేళ్లు పట్టుకుని ఆపుతాయి, మధ్యభాగం మాత్రం ముందుకు జరుగుతుంది. అప్పుడు కొమ్ములు గాలి వచ్చే దిక్కు చూస్తాయి. వీటిని పారాబోలిక్ దిబ్బలంటారు. థార్‌లో ఇవి విరివిగా ఉన్నాయి. సహారా ఫొటోల్లో కనిపించే బోడి ఇసుక సముద్రానికీ థార్‌కూ తేడా ఇక్కడే ఉంది. ఇది కొద్దో గొప్పో వేరు పట్టిన ఎడారి. ఆ వేరు పట్టించిన పొదల్లో మన చీపురు ఖీంప్ కూడా ఉంది.

రాయిని తట్టి విన్నవాళ్లు

ఖీంప్‌నూ దాని చుట్టాలనూ ఒకేచోట పేర్లతో సహా చూడాలంటే మెహ్రాన్‌గఢ్ కోట కిందికే రావాలి. కోట పక్కన సుమారు 70 హెక్టార్లలో రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్క్ ఉంది. కోట నిలబడ్డ నల్లని, ఎర్రని గట్టి రాయి రయొలైట్. సుమారు 75 కోట్ల ఏళ్ల కిందట బద్దలైన అగ్నిపర్వతాల శిల అది. 1459లో రావ్ జోధా కోటకు పునాది వేసింది ఒక పాత అగ్నిపర్వత ప్రాంతం నడినెత్తిన అన్నమాట. దాన్ని భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు కూడా.

2006లో పార్కు పని మొదలైనప్పుడు ఇక్కడ నిండా ఉన్నది సర్కారు తుమ్మ. మెక్సికో, మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన ఈ ముళ్ల చెట్టును అక్కడ బావ్‌లియా అంటారు. మన పల్లెల్లో ఇది ఎంత మొండిదో వేరే చెప్పక్కర్లేదు. ఎడారిని పచ్చగా చేద్దామని 1930ల్లో జోధ్‌పూర్ రాజుగారు దీని గింజలను విమానం నుంచి చల్లించారని చెబుతారు. చల్లించినా లేకున్నా అది కొండలన్నీ ఆక్రమించి స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేసింది. నరికితే మళ్లీ చిగురిస్తుంది. వేరుతో సహా తీయాలంటే అది రాతి పగుళ్లలోకి దిగి ఉంటుంది.

వృక్ష నిపుణుడు ప్రదీప్ క్రిషన్ బృందానికి దారి చూపించింది ఖండ్‌వాలియాలు. తరతరాలుగా ఇసుకరాయి గనుల్లో పనిచేసిన రాళ్లు కొట్టేవాళ్లు. సుత్తితో రాతిని తట్టి, ఆ చప్పుడును బట్టి రాయి ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పగులు పోయిందో చెప్పేస్తారట. వాళ్లు ఒక్కో తుమ్మ చుట్టూ రాతిని గుంటలా తొలిచి వేరు లాగేశారు. ఆ గుంటల్లోనే మట్టి వేసి ఎడారి మొక్కలు నాటారు. పార్కును 2011లో జనానికి తెరిచారు. పెద్ద పెద్ద యంత్రాలున్న కాలంలో ఒక అడవిని సుత్తీ ఉలీతో తిరిగి తెచ్చారంటే మామూలు విషయం కాదు.

ఇక్కడ థోర్ అనే మొక్కను చూసి కాక్టస్ అనుకోనివాళ్లుండరు. అది కాక్టస్ కాదు, మన జెముడు కుటుంబం. కాక్టస్‌లకు పుట్టిల్లు అమెరికా ఖండాలు. నీరు దాచుకోవాల్సిన అవసరం ఒకటే కావడంతో చుట్టరికం లేని రెండు కుటుంబాలు ఒకే వేషం వేసుకున్నాయి.

ఖేజ్రీ అని బోర్డు రాసిన చెట్టు దగ్గర కొంచెంసేపు ఆగండి. అది మన జమ్మి. దసరా నాడు మనం ఆకు పంచుకునే చెట్టే. తెలంగాణ రాష్ట్ర వృక్షమూ, రాజస్థాన్ రాష్ట్ర వృక్షమూ అదే. ఎడారిలో జమ్మికి పూజ కన్నా ఎక్కువ పని ఉంది. వేరు చాలా లోతుకు దిగుతుంది కాబట్టి మండువేసవిలోనూ చిగురిస్తుంది. ఆకు మేకలకూ ఒంటెలకూ మేత. నీడన సజ్జ పండుతుంది. లేత కాయలను ఎండబెట్టి సాంగ్రీ పేరుతో కూర వండుతారు. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు సున్నపు బట్టీల కట్టెల కోసం ఖేజర్లీ గ్రామంలో జమ్మి చెట్లు నరకబోతే, చెట్లను కాపాడటం మతనియమంగా పాటించే బిష్ణోయి వర్గానికి చెందిన అమృతా దేవి చెట్టును కౌగిలించుకుని ప్రాణమిచ్చింది. ఆమెతో మొదలై 363 మంది చనిపోయారు. ఆ ఊరు జోధ్‌పూర్‌కు దగ్గరే. ఇప్పుడక్కడ స్మారకం ఉంది, చుట్టూ జమ్మి చెట్లున్నాయి.

ఎడారి కింద అడవి, దాని పక్కన సముద్రం

జైసల్మేర్ నుంచి బాడ్‌మేర్ వెళ్లే దారిలో 17 కిలోమీటర్ల దూరాన అకల్ ఉంది. చూడ్డానికి ఏమీ ఉండదు అనిపిస్తుంది. బోడి గుట్ట, ఇనుప చట్రాల కింద నేల మీద పడి ఉన్న దుంగలు. వంగి తాకితే తెలుస్తుంది, అవి దుంగలు కావు, రాళ్లు. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట, జురాసిక్ కాలం మొదట్లో, ఇక్కడ పెరిగిన మహావృక్షాలు ఒండ్రులో కూరుకుపోయాయి. గాలి తగలక కుళ్లలేదు. భూగర్భజలంలో కరిగి ఉన్న సిలికా ఆ కలప కణాల్లోకి చేరి, కొయ్య పోతున్న కొద్దీ దాని స్థానంలో కూర్చుంది. చెక్క పోయి, చెక్క రూపం మిగిలింది. కొన్నిటిపై బెరడు గీతలు కూడా కనిపిస్తాయి. అంత పెద్ద చెట్లు పెరగాలంటే వెచ్చని, తేమగల వాతావరణం ఉండాలి. ఇప్పుడు ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా పడని చోట!

ఆ అడవి తర్వాత సముద్రం వచ్చింది. జైసల్మేర్ కోటా హవేలీలూ బంగారంలా మెరుస్తాయని చెప్పుకునే ఆ పసుపు రాయి, జురాసిక్ సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. హబూర్ అనే ఊరి దగ్గర దొరికే రాయి నిండా గవ్వల, సముద్ర జీవుల ముద్రలుంటాయి. ఆ రాతి గిన్నెలో పాలు పోస్తే తోడు లేకుండానే పెరుగవుతుందని ఊళ్లో నమ్మకం. బజారులో ఆ గిన్నెలు అమ్ముతారు. నన్నడిగితే పెరుగు కోసం కాకుండా గవ్వల కోసం కొనుక్కోవచ్చు. 2023లో జైసల్మేర్ ప్రాంతపు శిలల నుంచి 16.7 కోట్ల ఏళ్ల నాటి ఒక శాకాహార డైనోసార్‌ను గుర్తించి థారోసారస్ ఇండికస్ అని పేరు పెట్టారు. ఎడారి పేరుతో ఉన్న ఆ జంతువు బతికిన కాలానికి ఎడారి లేనే లేదు.

పాత నేల ఇచ్చిన ఇంకో వరం ఇసుక కింద దాగి ఉంది. నిజానికి థార్ మొత్తంలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఇదే. జైసల్మేర్, బాడ్‌మేర్, బికనేర్ జిల్లాల్లో కొన్ని చోట్ల ఇసుక కింద జిప్సం లాంటి గట్టి పొర ఉంది. ఇంకా లోతుకు వెళితే భూగర్భజలం ఉంటుంది గానీ చాలాచోట్ల అది ఉప్పు నీరు. వాన నీరు ఇసుకలోంచి దిగుతూ ఈ జిప్సం పొర దగ్గర ఆగిపోతుంది. ఉప్పునీటిలో కలవదు, ఎండకు ఆవిరైపోదు, ఇసుక రేణువుల మధ్య చెమ్మగా ఉండిపోతుంది. అక్కడివాళ్లు నీటిని మూడు రకాలుగా చెబుతారు. నేల మీద పారేది పాలర్, లోతు నుంచి తోడేది పాతాళ్, ఈ మధ్యలో చెమ్మగా ఉన్నది రేజాణీ.

ఈ చెమ్మను నీరుగా మార్చే బావి కుంయి. చాలా సన్నగా తవ్వుతారు. ఒక మనిషి కూర్చుని చిన్న పారతో తవ్వగలిగేంత చోటే. అడుగున గాలాడక ఉక్కపోస్తుంటే పైనున్నవాళ్లు గుప్పెడు గుప్పెడు ఇసుకను విసురుగా లోపలికి కొడతారు, దాంతో చల్లగాలి కిందికి దిగుతుంది. జిప్సం పొర వరకు తవ్వి ఆపుతారు. చుట్టూ ఇసుకలో ఉన్న చెమ్మ ఆ ఖాళీలోకి చుక్కచుక్కగా ఊరుతుంది. రోజుకు రెండు మూడు కుండలు. బావి వెడల్పుగా ఉంటే ఆ కాస్త నీరు అడుగున పల్చగా పరుచుకుని చేదకు కూడా అందదు, ఆవిరీ అవుతుంది. అందుకే అంత సన్నం.

మరి చుట్టూ ఇసుక కూలిపోదా? రాయి దొరికే చోట రాయితో కడతారు. దొరకని చోట ఖీంప్ రెమ్మలను మూడు వేళ్ల మందాన మోకులా పేని, అడుగు నుంచి పై దాకా పాము చుట్టలా చుట్టి ఇసుకను ఆపుతారు. ఖీంప్ అంటే మళ్లీ మన చీపురు మొక్కే. అర్నా ఝర్నాలో చీపురుగా చూసినది ఇక్కడ బావి గోడ.

జైసల్మేర్ పక్కన దెయ్యాల ఊరని పేరుబడ్డ కుల్‌ధారాకు వెళ్లేముందు ఇది తెలిసి ఉంటే బాగుంటుంది. 19వ శతాబ్దంలో జైసల్మేర్ దివాను సాలిం సింగ్ ఒక అమ్మాయిపై కన్నేశాడని, పాలీవాల్ బ్రాహ్మణులు 84 ఊళ్లనూ ఒక్క రాత్రిలో ఖాళీ చేసి, ఇక్కడ ఎవరూ బతకలేరని శపించి వెళ్లారని కథ. గైడ్లు ఇది భలే చెబుతారు. పాలీవాల్‌లు నిజంగా గొప్పవాళ్లు, కానీ శాపాల్లో కాదు, సేద్యంలో. ఖడీన్ అనే పద్ధతి వాళ్ల చలవే. రాతి గుట్టల మీద పడిన వాన పల్లానికి పారుతుంది. అక్కడ పొడవాటి మట్టికట్ట వేసి ఆపుతారు. వానాకాలమంతా నీరు నిలిచి నేలలోకి ఇంకుతుంది, ఒండ్రు చేరుతుంది. చలికాలం రాగానే ఆ తడినేలలో గోధుమ, శనగ చల్లుతారు. మళ్లీ నీరు పెట్టే పనే లేదు. అంత వాన లెక్క తెలిసినవాళ్లు ఊళ్లు వదిలారంటే బావులు ఎండిపోవడం, పన్నుల భారం లాంటి కారణాలు బలంగా ఉండి ఉంటాయి. ఊరు ఒక్క రాత్రిలో కాకుండా మెల్లగా ఖాళీ అయిందనే వాదనే నాకు నమ్మబుద్ధవుతుంది. కుల్‌ధారాలో గోడల కన్నా చుట్టూ ఉన్న నేల వాలు చూడండి, కథ అక్కడుంది.

బికనేర్ దగ్గరి ఒంటె మ్యూజియం సంగతి వేరు. 1984లో మొదలైన జాతీయ ఒంటె పరిశోధన కేంద్రంలో ఉందది. బయట ఒంటెపాల ఐస్‌క్రీం తింటూ పిల్లలు కేరింతలు కొడుతుంటారు. లోపల చదివితే మన చిన్నప్పటి నమ్మకం ఒకటి పోతుంది. మూపురంలో నీళ్లుండవు, కొవ్వు ఉంటుంది. కొవ్వు ఒళ్లంతా పరుచుకోకుండా ఒకేచోట ఉండటం వల్ల మిగతా శరీరం నుంచి వేడి సులువుగా పోతుంది. దాహంతో ఉన్న ఒంటె శరీరం పగలు 40 డిగ్రీల దాకా వేడెక్కినా చెమట పట్టనివ్వదు, రాత్రి చల్లారుతుంది. ఎర్రరక్తకణాలు కోడిగుడ్డు ఆకారంలో ఉండి, ఒక్కసారిగా 100 లీటర్లు తాగినా పగలవు. ఇంత పకడ్బందీగా తయారైన జంతువు ఎండకు కాదు, మార్కెట్టుకు ఓడిపోయింది. 2012 పశుగణనలో దేశంలో 4 లక్షలున్న ఒంటెలు 2019 నాటికి రెండున్నర లక్షలయ్యాయి. ఇందిరా గాంధీ కాలువ వచ్చి బీళ్లు పొలాలయ్యాయి, జీపులూ ట్రాక్టర్లూ వచ్చాయి. 2014లో రాజస్థాన్ దీన్ని రాష్ట్ర జంతువు చేసి, మరుసటేడు వధను నిషేధించి, రాష్ట్రం బయటికి తరలించడాన్ని నియంత్రించే చట్టం తెచ్చింది. కొనేవాడు లేకపోతే పెంచేవాడెందుకు పెంచుతాడని రాయికా పశుపోషకులు అడుగుతున్నారు. ప్రేమతో చేసిన చట్టం కూడా ఉరి కావచ్చు.

ఇలాంటి చిక్కుముడే బట్టమేక పిట్టది. నంద్యాల జిల్లా రోళ్లపాడు గురించి విన్నవాళ్లకు ఈ పేరు తెలుసు. ఆ గడ్డిమైదానాల్లో తిరిగిన ఈ భారీ పక్షికి ఇప్పుడు మిగిలిన పెద్ద ఆసరా జైసల్మేర్ ప్రాంతం, 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్కు. అక్కడ దీన్ని గోడావణ్ అంటారు. స్వేచ్ఛగా తిరిగేవి మొత్తం 150 దాకా ఉంటాయని అంచనా. బరువైన ఒళ్లు, ఎదురుగా ఉన్నది సరిగా కనబడని చూపు. ఎగురుతూ కరెంటు తీగలకు తగిలి చనిపోతోంది. ఆ తీగలు బొగ్గు కరెంటువి కావు. భడ్లాలో 2,245 మెగావాట్ల సోలార్ పార్కు, చుట్టూ గాలిమరలు, అంతా స్వచ్ఛమైన కరెంటు. తీగలను భూమిలోకి మార్చాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో ఆ ఉత్తర్వును సవరించి నిపుణుల కమిటీకి అప్పగించింది. ఎడారి ఖాళీ స్థలం అన్న అపోహ ఇప్పటికీ మ్యాపుల్లో, ఫైళ్లలో బతికే ఉంది.

సరిహద్దు వైపు వెళితే ఇసుకే ఒక పాత్రగా మారుతుంది. జైసల్మేర్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో తనోట్ మాత గుడి ఉంది. 1965 యుద్ధంలో ఈ చుట్టుపక్కల పడిన ఫిరంగి గుండ్లలో చాలావరకు పేలలేదు. అలా మిగిలినవాటిని గుడిలోనే అద్దాల పెట్టెల్లో పెట్టారు. అమ్మవారి విగ్రహానికి కొన్ని అడుగుల దూరంలో బాంబుల మ్యూజియం! గుడి నిర్వహణ సరిహద్దు భద్రతా దళానిది, పూజ చేసేదీ జవాన్లే. అమ్మవారి మహిమ అనేవాళ్లున్నారు, మెత్తటి ఇసుకలో పడటం వల్ల ఫ్యూజు పనిచేయలేదనేవాళ్లూ ఉన్నారు. లోంగేవాలాలో మాత్రం ఇసుక పాత్ర మీద వాదన లేదు. 1971 డిసెంబర్ 4 రాత్రి మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వంలో 120 మంది సైనికుల చౌకీ మీదికి పాకిస్తాన్ ట్యాంకులు వచ్చాయి. చౌకీ చుట్టూ ఉన్న మెత్తటి ఇసుకలో చాలా ట్యాంకులు దిగబడ్డాయి. జైసల్మేర్‌లో ఉన్న మన హంటర్ యుద్ధవిమానాలు రాత్రి ఎగరలేవు. తెల్లారగానే వచ్చి, కదల్లేక నిలబడ్డ ట్యాంకులను ఒక్కొక్కటిగా కొట్టాయి. పట్టుబడ్డ ట్యాంకులు ఇప్పటికీ అక్కడున్నాయి. జైసల్మేర్ దగ్గర 2015లో తెరిచిన వార్ మ్యూజియం కన్నా, ఆ ఇసుకలో నిలబడి చూస్తేనే ఆ రాత్రి ఏం జరిగిందో బాగా అర్థమవుతుంది. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.

వెళ్లడానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పగలు ఎండ హాయిగా ఉంటుంది, రాత్రి మాత్రం వణికిస్తుంది. ఇసుక వేడిని పట్టి ఉంచదు, పొడి ఆకాశం దాన్ని ఆపదు. స్వెట్టర్ లేకుండా దిబ్బల మీద గుడారంలో పడుకోవడం సాహసం కాదు, తెలివితక్కువతనం. దారి జోధ్‌పూర్‌తో మొదలుపెట్టి, అర్నా ఝర్నా, రాక్ పార్కు ముందు చూస్తే, తర్వాత కనబడే ప్రతి పొదకూ ఒక పేరు ఉంటుంది.

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్లే దారిలో ఫలోదీ దగ్గర ఖీచన్‌లో ఒక రాత్రి ఆగండి. 51 డిగ్రీల ఫలోదీయే. మంగోలియా, మధ్య ఆసియాల నుంచి హిమాలయాలు దాటి వేల కుర్జా పక్షులు, బూడిదరంగు సన్నటి కొంగలు, చలికాలమంతా ఇక్కడే ఉంటాయి. ఊరివాళ్లు వాటికి గింజలు వేయడానికి కంచె కట్టిన ఆవరణ ఒకటి ఉంచారు, దాన్ని చుగ్గాఘర్ అంటారు. 2025లో ఖీచన్‌ను అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేర్చారు. ఎడారి నడుమ చిత్తడి నేల! ఊరి చెరువు, దాని చుట్టూ జనం వేసే గింజలు, అంతే దాని రహస్యం. పొద్దు పొడవకముందే చుగ్గాఘర్ పక్క మేడ మీదికి చేరుకోవాలి. మొదట చప్పుడు వినిపిస్తుంది, తర్వాత ఆకాశం చివర నల్లటి గీత కనబడుతుంది. గింజలు అయిపోయాక పక్షులు చెరువు వైపు వెళ్లిపోతాయి. అప్పుడు ఎవరో ఒకరు ఆ ఆవరణలోకి దిగి రేపటి గింజల కోసం నేల శుభ్రంగా ఊడుస్తారు. చేతిలో ఏ చీపురుందో చూడటం మర్చిపోకండి.